గడపకు ఇవతలి మాట

ఐర్లండు ప్రభుత్వంలో ఒక మంత్రిని పార్లమెంటు నడవలో ఒంటి చేత్తో ఆపినవాణ్ణి నేను. పక్కన అంగరక్షకులు లేరా అంటే ఉన్నారు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డారు. ఆయన అవతల విమానం ఎక్కాల్సిన మనిషి. నేను చెయ్యి అడ్డం పెట్టి "కాసేపాగండి" అన్నాను. ఆగాడు. ఆ ఆగడంతో రెండు దేశాల మధ్య సంబంధం దారి మళ్ళింది.

మేముండే లూకన్‌లో మనవాళ్ళ పిల్లల పుట్టినరోజు పార్టీల్లో ఈ కథ చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా మంత్రి కాస్త పొడుగయ్యాడు, నా గొంతు కాస్త గట్టిపడింది. మొన్నొక పార్టీలో, ఈమధ్యే ఇండియా నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు కేకు ప్లేటు చేత్తో పట్టుకుని అమాయకంగా అడిగాడు.

"అంకుల్, ఇంతకీ మీరు పార్లమెంట్‌లో ఏం చేసేవారు? సెక్యూరిటీనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది. అప్పుడే అనుకున్నాను, ఇది కాగితం మీద పెట్టాలని. నోటితో చెప్పే అబద్ధానికి గాలి సాయం ఉంటుంది. రాతకు ఆ సదుపాయం లేదు.

సెక్యూరిటీ కాదు నాయనా, కమిటీ గుమాస్తాని. హైదరాబాదులో అసెంబ్లీ సచివాలయంలో కొన్నేళ్ళు పనిచేశాను. మా ఆవిడ నర్సు. ఆవిడకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది, వెనకాలే నేనూ వచ్చాను. నా వీసా మీద 'డిపెండెంట్' అని ఉండేది. ఆ వీసా గడువు ఎప్పుడో తీరిపోయినా ఆ మాటను మా ఆవిడ అవసరమైనప్పుడల్లా రెన్యూ చేస్తూనే ఉంది. మొదట సూపర్‌మార్కెట్లో అరలు సర్దాను. పౌరసత్వం వచ్చాక పరీక్ష రాసి, చేతనైన పనికే మళ్ళీ చేరాను. పార్లమెంటు కమిటీ ఆఫీసులో సాక్షులకు కబురు పెట్టడం, గది ఏర్పాట్లు చూడటం, కమిటీ అధ్యక్షురాలి ముందు సరైన కాగితం సరైన వేళకు ఉండేట్టు చూడటం. ఇదీ నా రాజ్యాధికారం.

మా కమిటీ విదేశీ వ్యవహారాలు చూసేది. అక్కడ జరిగేదేమిటో నేను మా మేనల్లుడికి ఇలా చెప్పాను. మన ఇంటి తరఫున ఒక పెద్దాయన సంబంధం చూడటానికి వెళ్తాడు. మాట్లాడేదీ, తాంబూలం పుచ్చుకునేదీ ఆయనే. ఆ అధికారం ఆయనకుంది. కానీ ఇంటికొచ్చాక అమ్మమ్మ పీట మీద కూర్చోబెట్టి అడుగుతుంది. "వాళ్ళిల్లు చూశావా? ఇరుగుపొరుగును అడిగావా? అందరూ మంచివాళ్ళని వాళ్ళే చెప్పారా, నువ్వు కనుక్కున్నావా?" పెద్దాయన ప్రభుత్వం. అమ్మమ్మ పార్లమెంటు కమిటీ. తాంబూలాలు వెనక్కి లాగే శక్తి అమ్మమ్మకు లేదు. కానీ ఆవిడ అడుగుతుందని తెలిసిన పెద్దాయన కాస్త ఒళ్ళు దగ్గరపెట్టుకుని చూసొస్తాడు.

ఆ ఏడాది మా ముందుకొచ్చిన సంబంధం ఒక సముద్రతీరపు దేశంతో. పేరు రాయను, ఉద్యోగంలో పట్టిన అలవాటు అది. అక్కడ ఎన్నికలు జరిగాయి. అధికారంలో ఉన్నవాళ్ళే గెలిచామన్నారు. ఓడినవాళ్ళేమో వాళ్ళు లెక్క మార్చారన్నారు. సగం ప్రపంచం అభినందనలు పంపింది, సగం ప్రపంచం గొంతు సవరించుకుంటూ కూర్చుంది. అది ప్రజాస్వామ్యమని కొందరు, దాని వేషమని కొందరు. ఇంతలో మా ప్రభుత్వం అక్కడికి కొత్త రాయబారిని పంపడానికి సిద్ధమైంది. ఏం చూసి పంపుతున్నారని కమిటీ మంత్రిని పిలిచింది. ఆయనకు ముందు మాట్లాడటానికి ఒక సాక్షిని కూడా పిలిచింది.

ఆ సాక్షి నేవన్ అనే ఊళ్ళో వృద్ధుల ఆశ్రమంలో కేరర్. అదే ఆశ్రమంలో మా ఆవిడ హెడ్ నర్సు.

ఆ అమ్మాయి తన దేశంలో లెక్కల టీచరు. మన దగ్గర టీచర్లకు ఎలక్షన్ డ్యూటీ వేసినట్టే అక్కడా వేస్తారట. తన ఊళ్ళో ఓట్లు ఆమే లెక్కపెట్టించింది. పైనుంచి వచ్చిన ఫలితంలో ఉన్న అంకెలు వేరు. సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. దాంతో ఉద్యోగం పోయింది, ఊరు పోయింది, చివరికి మా ఆవిడ వార్డులో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పని దొరికింది. ఆరేళ్ళ పిల్ల ఎక్కాలు చెప్పినట్టు మందుల వేళలు చెప్పేదని మా ఆవిడ మురిసిపోయేది. ఆవకాయ తినడం కూడా నేర్పింది.

నేవన్‌లో మా కమిటీ సభ్యుడొకాయన శనివారాలు ఒక దుకాణం మేడ మీద కూర్చుంటాడు. రోడ్డు మీద గుంటలు, ఇంటి లీజు, డాక్టరు అపాయింట్‌మెంటు, ఏ గోడైనా వెళ్ళి వెళ్ళబోసుకోవచ్చు. మా ఆవిడే ఆ అమ్మాయిని అక్కడికి పొమ్మంది. గుంటల రోడ్డు తాలూకు ఫిర్యాదుల వెనక వరసలో నిలబడి, తన వంతు రాగానే ఆమె ఒక దేశం గురించి చెప్పింది. అలా వచ్చింది పిలుపు.

పిలుపు వెనకాలే నోటీసు కూడా వచ్చింది. ఆ దేశం తరఫున ఒక లాయరు, బయట ఎక్కడైనా నోరు విప్పితే పరువు నష్టం దావా వేస్తామన్నాడు. కేరర్ జీతంతో దావా ఎదుర్కోవడమంటే ఇక జీవితాంతం దానికే పనిచేయడం.

ఇక్కడొక్క నియమం చెప్పాలి. ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాటిలో మనసుకు నచ్చింది ఇదొక్కటే. పార్లమెంటు ఆవరణ లోపల కూర్చుని కమిటీకి సాక్షి చెప్పిన మాట మీద ఎవరూ దావా వేయలేరు. అదే మాట ఇంట్లో కూర్చుని వీడియోలో చెబితే ఆ రక్షణ ఉంటుందన్న పూచీ లేదు. గేటుకు ఇవతల ఒక మాట, అవతల ఒక మాట. మన పెద్దలు గడపకు పసుపు రాసి బొట్టు పెట్టేది ఎందుకో నాకు ఆ నియమం చదివాకే కాస్త అర్థమైంది.

కాబట్టి ఆ అమ్మాయి గడప దాటాలి. మంత్రి మాట్లాడేలోపు దాటాలి. ఆయన చెప్పేది చెప్పి విమానానికి వెళ్ళిపోతే, ఆ తర్వాత ఆమె ఎంత చెప్పినా జవాబివ్వడానికి ఎదురుగా ఖాళీ కుర్చీ తప్ప ఏమీ ఉండదు.

ఆమె మా ఆవిడ దగ్గర పనిచేస్తుందన్న సంగతి మా పెద్ద క్లర్కుకు నేను ముందే చెప్పాను. ఆయన దక్షిణాన కార్క్ ఊరి మనిషి. ముప్పావు మాట మింగి పావు మాట పైకంటాడు.

"గ్రాండ్," అన్నాడు, ఇక్కడివాళ్ళ భాషలో సరే అని. "అయితే ఆమె ఫైలు నువ్వు ముట్టుకోవద్దు. ఆ రోజు నీ కుర్చీలో నువ్వు కూర్చో. జగ్గులో నీళ్ళున్నాయో లేదో చూడు. ఆమెను తీసుకురావడానికి అషర్లు ఉన్నారు. అర్థమైందా?"

"అయింది సార్."

"సార్ అనొద్దని నీకు ఎన్నేళ్ళుగా చెబుతున్నాను?"

"చాలా ఏళ్ళుగా సార్."

ఆ రోజు పొద్దున్నుంచీ వాన. నేవన్ నుంచి ఆమె ఎక్కాల్సిన బస్సు రానేలేదు. మా ఆవిడ నైట్ డ్యూటీ దిగి, బస్టాపులో తడుస్తున్న పిల్లను చూసి కారెక్కించుకుంది. నేనింకా కమిటీ గదిలోకి దిగకముందే దారిలోంచి నాకు ఫోన్ చేసింది.

"ఏవండీ, బస్సు రాలా. నేనే తీసుకొస్తన్నా. రోడ్డంతా జామ్."

"గేటు దగ్గర దింపు. నేనొచ్చి తీసుకెళ్తా."

"మీరెందుకూ? అక్కడ మనుషులున్నారుగా?"

"ఉంటే? మొదటిసారి వస్తోంది. మనం ఎదురెళ్ళొద్దూ? గేటు దగ్గర నిలబడమను. నేను వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలొద్దని చెప్పు."

"సరే, చెప్తాలే."

ఆ మాట అక్కడికక్కడే ఇంగ్లీషులో ఆ అమ్మాయికి చెప్పింది. వెనకనుంచి ఆ అమ్మాయి గొంతు వినబడింది. "ఓకే, ఐ వోంట్ మూవ్," అంది.

ఇక్కడే నేను మన జాతి మనిషినని నిరూపించుకున్నాను. ఇంటికి వచ్చేవాళ్ళకు ఎదురెళ్ళకుండా కుర్చీలో కూర్చోవడం మనవల్ల అయ్యే పనేనా? పెద్ద క్లర్కు అటు తిరగగానే గొడుగు తీసుకుని లేచాను. మా కమిటీ గదులు నేల కింద ఉంటాయి. కిటికీ ఉండదు, సిగ్నల్ ఉండదు. అందుకని ఫోన్ సొరుగులో పడేసే అలవాటు నాకు. ఆ రోజూ అలాగే పడేసి, కిల్డేర్ వీధి గేటుకు వెళ్ళి నిలబడ్డాను. ఎన్నో ఏళ్ళుగా నా సాక్షులందరూ వచ్చిన గేటు అది.

పార్లమెంటుకు ఇంకో గేటు ఉంది. వెనక వైపు, మెరియన్ వీధిలో. వన్‌వేల్లో తిరిగి తిరిగి మా ఆవిడ ఆ అమ్మాయిని అక్కడ దింపింది.

వానలో నిలబడ్డాను. టూరిస్టులు వచ్చారు, ఒక స్కూలు పిల్లల గుంపు వచ్చింది, ఎవరో గుర్రప్పందేల వాళ్ళ ప్రతినిధి బృందం వచ్చింది. నా సాక్షి రాలేదు. గేటు దగ్గరి గార్డు చాలాసేపు నన్ను చూసి, ఇక ఉండబట్టలేక అన్నాడు.

"కారులో వస్తున్నారా? ఈ ట్రాఫిక్‌లో అయితే వెనక వైపు దింపి ఉంటారు. ఒకసారి ఫోన్ చేయకపోయావా?"

ఫోన్ సొరుగులో ఉంది.

పరిగెత్తాను. అటు గేటుకు దగ్గరి దారి భవనం లోపలినుంచే. గొడుగు మూద్దామంటే గాలికి కడ్డీ వంగి మూసుకోలేదు. విప్పిన గొడుగుతోనే నడవలో పడ్డాను. మలుపు దగ్గర తలుపులో గొడుగు ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే అటువైపునుంచి, చంకలో ఫైలుతో, మంత్రి.

ఇదీ నేను మంత్రిని ఆపిన ఘట్టం. ఒంటి చేత్తో ఆపిన మాట నిజం, ఆ చేతిలో గొడుగుంది. అంగరక్షకులు లేరు. ఫైళ్ళు మోసే సన్నపాటి కుర్రాడొకడున్నాడు. "కాసేపాగండి" అని నేను అనలేదు. "సారీ, సారీ, సారీ" అన్నాను. మంత్రి వంగి, ఫైలు ఆ కుర్రాడికిచ్చి, కడ్డీ వంచి గొడుగు మూసి నా చేతికిచ్చాడు. "ఇది పోయినట్టే," అన్నాడు. అంతలో గంట మోగింది.

సభలో ఓటింగు ఉంటే భవనమంతా గంట మోగుతుంది. ఎక్కడున్న సభ్యుడైనా చేతిలో ఉన్నది వదిలేసి పరిగెత్తాల్సిందే. కమిటీలు ఆగిపోతాయి, టీలు చల్లారిపోతాయి. మంత్రి వెనక్కి తిరిగి సభ వైపు వెళ్ళిపోయాడు. నా గొడుగు లేకపోయినా, ఆయన గదిలోకి వెళ్ళి కూర్చుని ఉన్నా, ఆ గంట ఆయన్ను లేపేదే. ఇన్నేళ్ళుగా ఆ గంట పేరు చెప్పకుండా దాని ఘనతంతా నేను అనుభవించాను. కుర్రాళ్ళూ, క్షమించండి.

ఆ తర్వాత మెరియన్ గేటుకు చేరాను. ఆ అమ్మాయి తడిసి ముద్దై ఉంది. చెయ్యి పట్టుకుని గడప దాటించి కిందికి తీసుకొచ్చాను. ఓటింగు ముగిసి సభ్యులు తిరిగొచ్చేసరికి ఆమె సాక్షి కుర్చీలో ఉంది. మా పెద్ద క్లర్కు నన్ను నెత్తినుంచి బూట్లదాకా చూశాడు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"జగ్గులో నీళ్ళు పొయ్యమన్నాను. నేల మీద కాదు," అన్నాడు.

అధ్యక్షురాలు పశ్చిమ తీరపు మనిషి, గొంతు పొలాలు దాటి వినిపించే రకం. ఆ రోజు మాత్రం మెల్లగా చదివింది, సాక్షులకు ఎప్పుడూ చదివే ఆ మాటలే. మీరు పార్లమెంటు ఆవరణలో ఉన్నారు, ఈ కమిటీకి చెప్పేదానికి మీకు రక్షణ ఉంది. వందలసార్లు విన్న వాక్యం. విని విని అరిగిపోయిన వాక్యం. ఆ పూట ఆ అమ్మాయి భుజాలు ఆ వాక్యం వింటూ కిందికి దిగడం చూశాను.

ఆమె తను లెక్కపెట్టిన అంకెలు చెప్పింది, ప్రకటించిన అంకెలు చెప్పింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. చివర ఇలా అంది.

"నా దేశంతో సంబంధం తెంచుకోమని అడగడానికి నేను రాలేదు. మీ రాయబారిని పంపండి. గెలిచామన్నవాళ్ళతో మాట్లాడమనండి. ఓట్లేసినవాళ్ళతో కూడా మాట్లాడమనండి. వాళ్ళిళ్ళు కూడా ఆ దేశంలోనే ఉన్నాయి."

ప్రభుత్వం వైపు సభ్యుడొకాయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. మోటుగా అడిగాడు కానీ, అడగాల్సిన ప్రశ్నే.

"ఓడిన పార్టీ మనిషివి కాదని మాకేమిటి నమ్మకం?"

ఆమె నీళ్ళు తాగింది. జగ్గు నిండుగా ఉంది, ఎవరో నింపారు.

"నేను అధికార పార్టీకే ఓటేశాను," అంది. "నా ఓటు నాది, వాళ్ళకిచ్చాను. మిగతావాళ్ళ ఓట్లు నావి కాదు కదా, ఇచ్చెయ్యడానికి?"

కళ్ళజోడాయన తల ఊపి, "థాంక్యూ, నా ప్రశ్నలు అయిపోయాయి," అన్నాడు.

మంత్రి రాసుకొచ్చిన ప్రసంగం సగం చదివి పక్కన పెట్టాడు. విప్లవం ఏమీ రాలేదు, మీరు కుర్చీల్లోంచి లేవకండి. రాయబారి వెళ్తాడన్నాడు. అయితే అభినందనలు పట్టుకుని వెళ్ళడన్నాడు. రెండు పక్షాలనూ కలుస్తాడు, అక్కడి కోర్టులో లెక్క మీద విచారణ జరిగితే వెళ్ళి కూర్చుంటాడు, చూసింది ఈ కమిటీకి రాసి పంపుతాడు. కమిటీ దాన్ని నివేదికలో పెట్టింది. ప్రభుత్వం కొన్ని సిఫార్సులు ఒప్పుకుంది, కొన్నిటికి "పరిశీలిస్తాం" అంది. పరిశీలన అంటే ఏమిటో హైదరాబాదులోనే నేర్చుకున్నాను కాబట్టి ఆశ్చర్యపోలేదు.

కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయి తన ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. వాళ్ళమ్మ ఇంటి ముందు గది. ప్లాస్టిక్ కుర్చీ అంచున ఒక ఎర్రటి మొహం ఐరిష్ పెద్దమనిషి కూర్చుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని టీ తాగుతున్నాడు. వాళ్ళమ్మ పక్కన నిటారుగా నిలబడింది. పొరుగువాళ్ళు కిటికీలోంచి తొంగిచూస్తున్నారు. కూతురు ఊరు వదిలాక ఆ గుమ్మం తొక్కడానికి భయపడిన పొరుగువాళ్ళట వాళ్ళు. ఆ రోజునుంచి మళ్ళీ వస్తున్నారట, రాయబారి టీ తాగిన గ్లాసు చూపించమని.

ఆ దేశంలో లెక్క ఇంకా తేలలేదు. కోర్టు వాయిదాలు నడుస్తున్నాయి. నడుస్తున్నాయంటే మూసేయలేదని అర్థం. లెక్కల టీచర్లు తొందరపడరని ఆ అమ్మాయే అంటుంది. ఇక్కడ నర్సింగు చదువులో చేరింది. ఆమె మీద ఇంతవరకూ ఏ దావా పడలేదు.

కుర్రాళ్ళూ, నేను మీకు చెప్పదలిచింది ఇంతే. పార్లమెంటు గేటు మీకూ తెరిచే ఉంటుంది. ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళి, ఏదో ఒక కమిటీ ముందు కూర్చోండి. బోరు కొడుతుంది. మంత్రి గొణుగుతాడు, సభ్యుడు ఆవలిస్తాడు, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అయినా కూర్చోండి. అమ్మమ్మ అడుగుతున్నప్పుడు గదిలో మనుషులున్నారని పెద్దాయనకు తెలియాలి. కుదిరితే శనివారం పూట ఆ దుకాణం మేడ కూడా ఎక్కండి. రోడ్డు గుంట గురించైనా సరే.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు వినిపించాను. ఆవిడ వంటింట్లో ప్రెస్సులోంచి పప్పు డబ్బాలు దించుతోంది. ఇక్కడ అలమరను ప్రెస్సంటారు. మంత్రి గొడుగు దగ్గర నవ్వింది. ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఇంట్లో టీ దగ్గర కళ్ళు తుడుచుకుంది. బాగానే కుదిరిందనుకున్నాను.

"అంతా సరే," అంది. "ఎవరి చెయ్యి పట్టుకున్నారండీ మీరు?"

"ఆ పిల్లదే. గేటు దగ్గర."

"మీ మొహం. మీరొచ్చేటప్పటికి ఆ పిల్ల కింద గదిలో కూర్చుని నీళ్ళు తాగతంది. నేను అక్కడే ఉన్నా. గార్డు కారు తియ్యమంటాడు, నేను తియ్యను. అద్దంలోంచి చూస్తానే ఉన్నా. మీరు కదలొద్దన్నారని పాపం వానలో అట్టాగే నిలబడింది. లోపల్నుంచి అషరు రమ్మని చెయ్యి ఊపినా, 'ఆయన ఆగమన్నారు' అని ఆగింది. ఎంతసేపని? చివరికి నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపి, తనే గేటు దగ్గరికి పోయి 'సాక్షిని నేనే' అంది. తీసకెళ్ళింది మీరూ కాదు, నేనూ కాదు."

డబ్బా మూత గట్టిగా నొక్కింది.

"సంతకం పెట్టమంటే పెట్టని పిల్ల, కదలొద్దంటే మాత్రం ఆగుద్దా? రాస్తే అది రాయండి."